పూత మీద నూనె వేళ్ళు

మొన్న పూతాయన పెట్టెను సమాధి పక్కన దించాక, మా కొత్త పాస్టరుగారు అందర్నీ పెట్టె మీద చేతులుంచి ప్రార్థనలో ఏకీభవించమన్నారు. కుర్రవాళ్ళు ముందుకొచ్చి అరచేతులు ఆనించారు. మా కాలంవాళ్ళం, ఇంకా మిగిలినవాళ్ళం, చేతులు చాపి పెట్టెకు జానెడు ఎత్తులో ఆపేశాం. ఎవరూ ఎవరికీ చెప్పలేదు. ఆమేన్ అయ్యాక పాస్టరుగారు నన్ను పక్కకు పిలిచి, "ఏంటండీ అంకుల్, పెద్దవాళ్ళంతా చేతులు పైనే ఉంచేశారు? ఏమన్నా పట్టింపా?" అని అడిగారు. ఎండలో నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదు. రాసి ఇస్తానన్నాను. ఇది అదే.

ఆటోనగర్లో అందరూ ఆయన్ని పూతాయన అనేవారు. సంఘంలోనూ అదే పేరు నిలిచిపోయింది. డెబ్బైల నాటి మాట. లారీలకూ జీపులకూ ఇంజను పక్కన ఇనుప కొమ్మల్లాంటి భాగం ఒకటి ఉంటుంది. మండిన పొగను పోగుచేసి సైలెన్సరు గొట్టంలోకి పంపుతుంది. మెకానిక్కులు మానిఫోల్డు అంటారు. బండి కాసేపు నడిస్తే చాలు, నిప్పులా కాలుతుంది. ఆ కొమ్మల మీద పింగాణీలాంటి తెల్లటి పూత పుయ్యడం ఆయన పని. సెగ ఇనుము దాటి పైకి రాకుండా పొగతోపాటే వెనక్కి పోవాలి. పూర్వం ఊరగాయ జాడీలు చేసే కార్ఖానాలో జాడీలకు మెరుగు పెట్టేవాడట. అక్కడి విద్యను ఇనుము మీదికి తెచ్చాడు. తెల్ల బంకమన్ను, మెత్తగా నూరిన గాజుపొడి, వాటర్‌గ్లాస్ అనే చిక్కటి ద్రవం కలిపేవాడు. పాళ్ళు మాత్రం ఎవరికీ చెప్పలేదు.

"మద్రాసులో కూడా లేదండీ ఈ పూత" అనేవాడు గర్వంగా. మీరెప్పుడైనా మద్రాసు వెళ్ళారా అని ఒకసారి అడిగాను. "అక్కడ లేదని చెప్తుంటే మళ్ళీ అక్కడికెందుకు తమ్ముడూ" అన్నాడు.

ఆయన్ని తలుచుకుంటే ముందు చేతులు కనిపిస్తాయి. మోచేతులు మడిచి, రెండు చేతులూ ఛాతీ ఎత్తులో నిలబెట్టి, వేళ్ళు విడదీసి, దేనికీ తగలకుండా నడిచేవాడు. పూత పుయ్యబోయే ఇనుముకు మనిషి చేతి జిడ్డు తగలకూడదు. ఆ అలవాటు షెడ్డు దాటి వీధిలోకి వచ్చేసింది. గవర్నర్‌పేటలో జనం తోసుకునే సందుల్లో కూడా అలాగే, ఇప్పుడే చేతులు కడుక్కుని తువ్వాలు కోసం వెతుకుతున్నవాడిలా, భుజాలతో దారి చేసుకుంటూ పోయేవాడు. మందిరంలో వందనాలు చెప్పినప్పుడు కూడా రెండు అరచేతులూ కలిసేవి కావు. మధ్యలో సందు ఉండేది.

పూత రోజున ఆయన అన్నం కూడా ముట్టుకోడు. భార్య క్యారేజీ పట్టుకొచ్చి, షెడ్డు గుమ్మంలో కూర్చుని, కలిపి నోట్లో పెట్టేది. ఎదురు షెడ్డు వెల్డర్లకు అదొక వినోదం.

"ఏంది బాబాయ్, అన్నప్రాసనా?" అనేవారు.

"మీ ఆవిడ పెట్టదనిరా నీ ఏడుపు" అనేవాడు నోటి నిండా ముద్దతో. ఆవిడ మాత్రం ముఖం ఎత్తేది కాదు. "ముందు నమలండి. మాటలు తర్వాత" అనేది.

పాత మానిఫోల్డు రాగానే దాన్ని నిప్పుల్లో కాల్చేవాడు. తర్వాత యాసిడ్‌లో ముంచి, వైరు బ్రష్షుతో రుద్ది, సోడా కలిపిన వేణ్ణీళ్ళతో కడిగేవాడు. మళ్ళీ కాల్చేవాడు. చూసేవాళ్ళకు విసుగు పుట్టేది. "పూత ఎవడైనా పూస్తాడు. కడగటమే పని" అనేవాడు. కడిగిన ఇనుము వైపు ఎవరైనా చెయ్యి చాపితే, "మందసం మీద చెయ్యేసినోడు ఏమయ్యాడో తెలుసుగా" అని కేకేసేవాడు. బైబిల్లో దేవుని మందసాన్ని ముట్టుకుని చచ్చినవాడి సంగతి తెలియని లారీ డ్రైవర్లు కూడా ఆ గొంతు విని చెయ్యి వెనక్కి తీసుకునేవారు. ఒకసారి హనుమాన్ జంక్షన్ నుంచి వచ్చిన డ్రైవరొకడు పూత పూసిన మానిఫోల్డును చూసి, "ఏందయ్యా, నా బండికి ముగ్గేశావా?" అన్నాడు. "ముగ్గయితే తొక్కితే పోద్ది. తొక్కి చూడు" అని దాన్ని ఆ మనిషి కాళ్ళ దగ్గర పెట్టాడు. డ్రైవరు తొక్కలేదు.

ఆరిన పూతను గోటితో కొట్టి చెవి దగ్గర పెట్టుకుని వినేవాడు. బాగా పట్టిన పూత ఖంగుమంటుందట. పట్టనిది మొద్దుగా పలుకుతుందట. టీ గ్లాసులు, కానుకల పళ్ళేలు, మందిరం తలుపు గడియ, అన్నీ ఆ గోటి పరీక్షకు నిలవవలసిందే. కాలువలో బాప్తిస్మాలయ్యాక, తడిబట్టలతో గట్టెక్కే కొత్తవాళ్ళ భుజం మీద కూడా గోటితో కొట్టి వింటున్నట్టు తల వంచేవాడు. పిల్లలు కిలకిలా నవ్వేవారు. పాట ముగియగానే ఇంకో పాట ఎత్తుకుంటే వెనక చాప మీదినుంచి ఆయన గొంతు వచ్చేది. "కాస్త ఆరనీ తమ్ముడూ." నేను పాటలు నడిపించేవాణ్ణి కాబట్టి ఆ మాట ఎక్కువగా పడింది నాకే. ఈ వయసులో ఒప్పుకుంటున్నాను, ఆ మాట మంచిది. దేవుని సన్నిధిలో పాటకూ పాటకూ మధ్య ఉండే నిశ్శబ్దం విలువ నాకు బోధకుల శిక్షణ పాఠశాలలో ఎవరూ చెప్పలేదు.

ఇక అసలు సంగతికి వస్తాను.

అప్పటి మా పాస్టరుగారిని అందరం అయ్యగారు అనేవాళ్ళం. పెద్ద వయసు, పైగా షుగరు. పాదాల్లో స్పర్శ పోయింది. ఏటా కోతలు అయ్యాక అవనిగడ్డ వైపు లంక గ్రామాల్లో వరుసగా సువార్త కూటాలు పెట్టేవారు. సంఘానికి పాత జీపు ఒకటి ఉండేది. బోధకుల శిక్షణ ముగించి కొత్తగా వచ్చిన నేను దాన్ని నడిపేవాణ్ణి. అయ్యగారు ముందు సీట్లో నా ఎడమ పక్కన కూర్చునేవారు. ఆయన కుడిపాదం ఆనే రేకు వెనకే ఇంజను, ఆ మానిఫోల్డు.

ఈ సంగతి జరగడానికి ముందు ఏడు ఉయ్యూరు దాటాక చెరకు బళ్ళ వెనక చిక్కుకున్నాం. ఎడ్లబళ్ళు దారి ఇవ్వవు, ఇవ్వడానికి చోటూ లేదు. మొదటి గేరులో దేకుతూ పోతుంటే రబ్బరు కాలిన వాసన వచ్చింది. ఇంజను బెల్టేమోనని ఆపి, బానెట్ ఎత్తి చూశాను. బెల్టు బాగానే ఉంది. వాసన అయ్యగారి చెప్పుది. చెప్పు కరిగి రేకుకు అంటుకుంది. పాదం కాలింది. ఆయనకు తెలియనే లేదు. "ఏమయ్యా, బండి బాగుపడిందా?" అని అడుగుతున్నారు నన్ను.

ఆ పుండు మానడానికి చాలా నెలలు పట్టింది. ఇంకోసారి కాలితే పాదం తీసెయ్యాల్సి వస్తుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. అమ్మగారు, అంటే అయ్యగారి భార్య, ఈసారి లంకలకు పంపనని తేల్చేశారు. అయ్యగారు వెళ్ళి తీరతానన్నారు. రేకు మీద తడి గోనెసంచి వేస్తే కొంత దూరానికే ఎండి పొగలొస్తోంది. వెనక సీట్లో కూర్చోమంటే, అక్కడ మైకుసెట్టు, హార్మోనియం, బ్యాటరీలు, పాటలు పాడే అక్కయ్యలు. ఎత్తెక్కి దూకడం ఆయనవల్ల కాదు.

ఒక ఆదివారం ఆరాధన ముగిశాక పూతాయన లేచాడు. "అమ్మగారూ, ఆ మానిఫోల్డు నాకివ్వండి. అయ్యగారి పాదానికి నేను పూచీ" అన్నాడు సంఘమంతా వింటుండగా. "పూచీ అంటే పూచీయేనా?" అన్నారావిడ. "పూచీయేనండి" అన్నాడు.

మూడు పూతలు పూశాడు. ఒక్కో పూత నీడలో ఆరాక బొగ్గుల సెగకు చూపించాడు. అయినా పని పూర్తయినట్టు కాదు. చివరి గట్టిదనం బండిలోనే వస్తుంది. ఇంజను కొంచెంసేపు నడిపి ఆపాలి. చల్లారాక ఇంకొంచెంసేపు నడపాలి. దాన్ని మొదటి వేడి అనేవాడు. "కొత్తగా బాప్తిస్మం తీసుకున్నోణ్ణి మర్నాడే వీధి బోధకి పంపుతావా? ఇదీ అంతే" అని నాకు వివరించాడు. మొదటి వేడి తగిలేలోపు పూత మీద నూనెచుక్క కూడా పడకూడదు. పడితే లోపలికి ఇంకి, సెగ తగలగానే పొంగుతుంది.

ఇక్కడే ఆయన గర్వం అడ్డొచ్చింది. ప్రయాణానికి ముందు రోజు ఆదివారం, మా కోత పండుగ. పొలాలున్నవాళ్ళు వరికంకులు, కొబ్బరికాయలు, గుమ్మడికాయలు, కోళ్ళు తెచ్చి బల్ల ముందు పెడతారు. చేతిపనివాళ్ళు తాము చేసిన వస్తువు తెస్తారు. ఆ మానిఫోల్డు నేరుగా జీపులోకి పోవలసింది. దాన్ని తెల్లటి కొత్త గుడ్డలో పట్టుకుని, చేతులు తగలకుండా, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి గుమ్మడికాయల మధ్య పెట్టాడు. కిటికీలోంచి పడిన ఎండకు అది జాడీలా మెరిసింది. కందదుంప తెచ్చిన ముసలమ్మ ఒకావిడ వంగి చూసి, "ఇదేం దుంప నాయనా? ఉడుకుద్దా?" అంది. "నువ్వు ఉడుకుతావు గానీ ఇది ఉడకదు మామ్మా" అన్నాడు. ఆ రోజు ఆయనంత సంతోషంగా ఉన్న మనిషి మందిరంలో ఇంకెవరూ లేరు.

కానుకల ప్రార్థన మొదలైంది. అయ్యగారు వరికంకుల మీద చేతులుంచారు, కాయల మీద ఉంచారు. మానిఫోల్డు దగ్గరికి వచ్చి ఆగారు. ఇది మామూలు కానుక కాదని ఆయనకు తెలుసు. తన పాదం కోసం ఒక సహోదరుడు కష్టపడి చేసింది. ఆయన కళ్ళు తడిశాయి. అభిషేక నూనె సీసా తెప్పించారు. అరచేతిలో ఒంపుకున్నారు. నాలుగు వేళ్ళు నిండా ముంచారు.

పూతాయన పక్కనే ఉన్నాడు. ఆయన చెయ్యి గాల్లోకి లేవడం నేను చూశాను. ఆపడానికే లేచింది. సంఘం మాత్రం ఆత్మావేశంతో లేచిందనుకుంది. "స్తోత్రం" అన్నారు ముందు వరసలో. వెనకవాళ్ళూ చేతులెత్తి స్తోత్రం అన్నారు. ఆ హోరులో నాలుగు నూనె వేళ్ళు పూత మీద పొడుగ్గా దిగాయి. ఎత్తిన చెయ్యి దించడానికి లేక, ఆపడానికి లేక, ఆయన అలాగే నిలబడిపోయాడు. ఎప్పుడూ నోరు మూతపడని మనిషి ఆ రోజు ఆమేన్ కూడా చెప్పలేదు.

ఆరాధన అయ్యాక షెడ్డుకు తీసుకెళ్ళాం. మర్నాడు పొద్దున్నే ప్రయాణం. రేవులో బండిని ఏరు దాటించే పంటు మాట్లాడి ఉంచారు, ఊళ్ళలో పందిళ్ళు వేసేశారు. పూతాయన నూనె పడిన మేర గోకి మళ్ళీ పూస్తానని బ్రష్షు అందుకున్నాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన సంఘ పెద్ద ఒకాయన మా వెంట వచ్చారు. భక్తిపరుడు, పట్టుదల మనిషి.

"ఏం చేస్తున్నావు? అయ్యగారు కన్నీళ్ళతో అభిషేకించినదాన్ని గోకుతావా?"

"నూనె గోకుతానండి. ప్రార్థన నా బ్రష్షుకి అందదు."

"నీకు తెలుసు, నాకూ తెలుసు. రేపు సంఘంలో అందరికీ ఎవడు చెప్తాడు? అందరూ ఏడ్చి ప్రార్థించారయ్యా. పూతాయన దాన్ని గీకి పారేశాడంటారు. అయ్యగారి చెవిన పడదా?"

పూతాయన బ్రష్షు పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు నాకు భయం వేసింది. ఒకవైపు అయ్యగారి పాదం. ఇంకోవైపు ఆ ముసలాయన మనసు, సంఘం మనసు. పైగా గోకినా రేపటికి కొత్త పూత ఆరదు. తెల్లవారుజామున మంచు కురుస్తోంది. ఆ సంగతి అందరికన్నా ఆయనకే బాగా తెలుసు.

బ్రష్షు కింద పెట్టాడు. "మందిరానికి మోసుకుపోకుండా ముందే బండికి బిగించాల్సింది. నేనే చూపించుకోవాలనుకున్నా" అన్నాడు. తర్వాత పెద్దాయన వైపు తిరిగాడు. "ఉండనివ్వండి. నాలుగు వేళ్ళ మేరేగా పోయేది. ఆ నాలుగు వేళ్ళకీ నేను కాపు కాస్తా."

ఆ మాట అర్థమైంది మర్నాడు పొద్దున. నేను మానిఫోల్డు బండికి బిగించి, ఇంజనుకు మొదటి వేడి పెట్టడం అయ్యాక పూతాయన వచ్చి, చెప్పులు విప్పి, ముందు సీట్లో నాకూ అయ్యగారికీ మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. వట్టి కుడిపాదాన్ని రేకుకు ఆనించాడు. "అయ్యగారూ, మీ పాదం నా పాదం మీద పెట్టండి" అన్నాడు.

"ఇదేం పనయ్యా? నీ పాదం మీద నేను కాలు పెట్టడమా?" అన్నారు అయ్యగారు.

"మీ కాలికి సెగ తెలవదు. నా కాలికి తెలుసుద్ది. అమ్మగారికి పూచీ ఇచ్చా."

గుమ్మంలో నిలబడి ఉన్న అమ్మగారు, "పెట్టండి" అన్నారు. అయ్యగారు పెట్టారు.

కంకిపాడు దాకా ఏమీ తెలియలేదు. గోనెసంచి పొగలు లేవు, రబ్బరు వాసన లేదు. పూత పనిచేస్తోందని నాకు నమ్మకం కుదిరింది. ఉయ్యూరు దాటాక మళ్ళీ చెరకు బళ్ళు. మళ్ళీ మొదటి గేరు. పూతాయన మాటలు తగ్గాయి. ఓరగా చూశాను. నుదుటి మీద చెమట పట్టింది. "అన్నా, ఆపనా?" అన్నాను. "నడుపు. ఒక్కచోటే తెలుస్తుంది. మిగతా అంతా చల్లగానే ఉంది" అన్నాడు. కాస్త ఆగి, "పాట ఎత్తుకో. ఈసారి ఆరనివ్వక్కర్లేదు" అన్నాడు. వెనక అక్కయ్యలు కోరస్ అందుకున్నారు. బళ్ళు తప్పుకునేదాకా పాట మీద పాట పాడాం. అయ్యగారు కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నారు. ఆయన పాదం సహోదరుని పాదం మీద కదలకుండా ఉంది.

రేవు దగ్గర బండి ఆపగానే పూతాయన దిగి కుంటుతూ నీళ్ళలోకి పోయాడు. నేను బానెట్ ఎత్తాను. మానిఫోల్డంతా తెల్లగా, ఖంగుమనేలా ఉంది. నాలుగు వేళ్ళ మేర మాత్రం పూత పొంగి, పెచ్చులు లేచి, లోపలి ఇనుము నల్లగా బయటపడింది. అయ్యగారు నా భుజం పట్టుకుని వంగి చూశారు. ఆ గుర్తుల పొడవు, వాటి మధ్య ఎడం. తన కుడిచెయ్యి విప్పి చూసుకున్నారు.

నెమ్మదిగా ఇసుకలోకి నడిచి నీటి ఒడ్డున కూలబడ్డారు. "ఇలా రావయ్యా" అని పూతాయనను పిలిచి, వద్దంటున్నా వినకుండా ఆ పాదాన్ని తన ఒళ్ళోకి తీసుకున్నారు. అరికాలు ఎర్రగా కమిలి, ఒకచోట బొబ్బ లేచింది. సంచిలోంచి అభిషేక నూనె సీసా తీయించారు. అరచేతిలో ఒంపుకుని, అవే వేళ్ళతో, ఆ పాదానికి రాశారు. ఆయన పెదవులు కదులుతున్నాయి. పంటు కోసం ఎదురుచూస్తున్న కూలీలు, గడ్డిమోపుల వాళ్ళు నిలబడి చూశారు. ఆ వేళ అక్కడ మేం మైకు పెట్టలేదు, వాక్యం చెప్పలేదు. ఆ రేవులో అంతకన్నా గొప్ప సువార్త కూటం జరగలేదని నేను నిశ్చయంగా చెప్పగలను.

పూతాయన సిగ్గుపడిపోయాడు. కాసేపటికి మళ్ళీ ఎప్పటి పూతాయన అయ్యాడు. "ఇప్పుడు పుయ్యండి అయ్యగారూ, ఎంతైనా పుయ్యండి. నూనె పట్టేది దీనికే. ఇనుముకి పట్టదు" అన్నాడు. అయ్యగారు నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చారు.

లంకల్లో కూటాలు జరిగాయి. తిరుగు ప్రయాణంలోనూ పూతాయన అలాగే కాపు కాశాడు, ఈసారి ఎడమ పాదంతో. అయ్యగారి పాదానికి సెగ తగల్లేదు. ఇల్లు చేరాక అమ్మగారు దీపం దగ్గర పెట్టి వేలు వేలుగా చూసి, "పూచీ తీరింది" అన్నారు. ఆ రెండు పాదాలతోనే అయ్యగారు చివరిదాకా నడిచారు. రైల్వే పెద్దాయన బానెట్‌లోకి తొంగి చూసి, "మిగతా మేరంతా ప్రార్థనే నిలబెట్టింది" అన్నారు. "ఔనండి. నా పూతా నిలబెట్టింది" అన్నాడు పూతాయన. ఇద్దరూ కలిసి టీకి వెళ్ళారు.

ఈమధ్య బెంజ్ సర్కిల్ దాటుతుంటే ఒక దుకాణం అద్దాల వెనక తెల్లటి పొగగొట్టాలు, టర్బో డిప్పలు వేలాడదీసి కనిపించాయి. సెరామిక్ కోటింగ్ అని బోర్డు. లోపల మనిషి నీలం రబ్బరు తొడుగులు వేసుకుని, చేతులు ఛాతీ ఎత్తులో, వేళ్ళు విడదీసి నడుస్తున్నాడు. ఆ నడక చూసి నేను రోడ్డు మీదే నిలబడిపోయాను.

ఇక చేతుల సంగతి. ఆ మరుసటి కోత పండుగకు పూతాయన ఆ మానిఫోల్డును ఇప్పదీసి, కడిగి, కొత్త పూత పూసి, మళ్ళీ గుమ్మడికాయల మధ్యకు తెచ్చాడు. బుద్ధి రాలేదా అని కొందరం గుసగుసలాడాం. ఆయన మాత్రం వెనక చాప మీద నిబ్బరంగా కూర్చున్నాడు. అయ్యగారు సీసా అందుకున్నారు. మూత తీయబోయి, వెనక చాప వైపు చూశారు. సీసా కింద పెట్టేశారు. వట్టి చేతులు చాపి, పూతకు కాస్త పైన ఆపారు. మేమంతా అలాగే చాపాం. అందరం కళ్ళు మూసుకున్నాం. మందిరం నిశ్శబ్దమైంది.

వెనకనుంచి గొంతు వినిపించింది. "ఇంకొంచెం పైకి అయ్యగారూ."

కళ్ళు మూసుకునే అందరం నవ్వాం. చేతులు జానెడు ఎత్తుకు లేచాయి. ఆ తర్వాత మేం దేనిమీద ప్రార్థించినా, కొత్త ఇంటి గడప అయినా, కొత్త ఎడ్లబండి అయినా, అంతే ఎత్తు. ఎందుకని అడిగేవాళ్ళు పోయారు, అలవాటు మిగిలింది.

పాస్టరుగారూ, పట్టింపు కాదు. మొన్న ఆ పెట్టె ముందు కళ్ళు మూసుకున్నప్పుడు నా చెయ్యి జానెడు ఎత్తులోనే ఉంది. లోపలున్నది కడగడం పూర్తయిన మనిషి. ఇక ఆయన మీద నా చేతి జిడ్డు ఎందుకు అనిపించింది. చెయ్యి ఇంకొంచెం పైకి లేపాను.